మిక్సీ కొననివ్వని అమ్మాయి

నెలాఖరు. ఇంకొక్క మిక్సీ అమ్మితే సేల్స్‌మన్ ఇమ్మానుయేల్ టార్గెట్ పూర్తవుతుంది. ఆ ఒక్కటీ కొనడానికే అలివేలమ్మ పాత మిక్సీని సంచిలో పెట్టుకుని పూతలపట్టు నుంచి చిత్తూరులోని ఆ షాపుకి వచ్చింది. ఇమ్మానుయేల్ ఆఫర్ చెప్పాడు, నెలనెలా కట్టే కంతుల సంగతి చెప్పాడు. ఆమె తలూపింది. ఇక బిల్లు రాయడమే తరువాయి.

"అవ్వా, ఆ పాతదానికి ఏమైంది?"

అడిగింది పక్కన బల్బు కొనుక్కుంటున్న అమ్మాయి.

"మోటారు తిరగతాది తల్లీ, జారులో బ్లేడే తిరగదు."

ఆ అమ్మాయి మిక్సీ బయటికి తీసి, జారు కూర్చునే చోట నల్లబిళ్లను వేలితో తడిమింది. "దీని పండ్లు అరిగిపోయినాయి, అంతే. యాభై రూపాయల పని. శనివారం లైబ్రరీకి తీసుకురా, మారుస్తాం."

అలివేలమ్మ సంచి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"ఏం మేడమ్, మా షాపులోనే నిలబడి మా గిరాకీని తరమతావుండారే! మీకేమొస్తాది?"

"నాకేం రాదప్పా. అవ్వకు మూడువేలు మిగల్తాది."

"మరి నా టార్గెట్?"

"అది అవ్వ కట్టాల్నా?"

ఆ పిల్ల పెదవి చివర దాచుకున్న నవ్వు ఇమ్మానుయేల్‌కి దొరికిపోయింది.

శనివారం పోట్లాడదామనే లైబ్రరీకి పోయాడు. బయట వాన. వరండాలో ఒక బీరువా, దానిమీద 'కొనేముందు' అన్న కాగితం. చిరిగిన బట్టలు కుట్టుకోవడం, కరెంటు బిల్లు తగ్గించుకోవడం, మిగిలిన అన్నంతో వంటలు... అన్నీ అలాంటి పుస్తకాలే. బల్లచుట్టూ ఆడవాళ్ళు. మధ్యలో ఆ అమ్మాయే, లైబ్రరీ అసిస్టెంట్ స్టెల్లా, అలివేలమ్మ మిక్సీతో కుస్తీ పడుతోంది.

"అట్లగాదు, కుడిపక్కకి తిప్పాల. దాని మర ఉల్టా ఉంటాది," అన్నాడు నోరు ఊరుకోక.

తిప్పింది. ఊడొచ్చింది.

"పుస్తకంలో ఈ ముక్క రాయలేదే!" అంది స్టెల్లా, జడమీది వానచుక్కలు దులుపుకుంటూ.

"పుస్తకంలో నేను లేను గదా."

పోట్లాట సంగతి మరిచేపోయాడు. ఆ తర్వాత ప్రతి శనివారం సెలవు పెట్టి మరీ స్క్రూడ్రైవర్ తీసుకుని వచ్చేవాడు. ఆమె పక్కన కూర్చుని ఇస్త్రీపెట్టె విప్పుతుంటే, పండక్కి కొత్త చొక్కా తొడుక్కున్నట్టుండేది అతనికి.

మూడు నెలలకి ధైర్యం చేసి ఒక స్మార్ట్‌వాచీ తెచ్చాడు. ఖరీదైంది. కంతుల మీద తీశాడు.

స్టెల్లా ముఖం మాడిపోయింది. "నన్ను అడిగినావా?"

"ప్రేమతో ఇస్తే కూడా అడగాల్నా?"

"మా నాయన కూడా అడగలేదు. పండగపండక్కీ మా అమ్మకు కొత్త వస్తువు తెచ్చేవాడు. ఆ కంతులు కట్టేదానికి కువైట్ పోయినాడు. ఎనిమిదేండ్లు! ఇంటి నిండా సామానే, నాయన మాత్రం లేడు." ఆమె వాచీ డబ్బాను వెనక్కి నెట్టింది. "నాకు వాచీ వద్దు, ఇమ్మానుయేల్."

అతను ఆరోజూ కురుస్తున్న వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తరువాతి శనివారం రాలేదు. స్టెల్లా చేతిలోంచి స్క్రూలు జారిపోతూనే ఉన్నాయి. కళ్ళు గేటు దగ్గరే.

ఆపై వారం వచ్చాడు. ఖాళీ చేతులు చూపించాడు.

"వాచీ వాపసు తీసుకోమని మా ఓనరును ఒప్పించేసరికి పదైదు రోజులు పట్టింది. అడక్కుండా కొన్నది తప్పే. ఇప్పుడు అడగతావుండా. నువ్వంటే నాకు శానా ఇష్టం. నేను నీకు కావాల్నా?"

స్టెల్లా తల వంచుకుంది. "గ్యారంటీ ఎన్నేండ్లు?"

"కార్డు లేదు. అలిగితే దారికి తెచ్చుకునేది నువ్వే."

ఆమె పకపకా నవ్వింది. "అయితే రేపు చర్చి అయినాక ఇంటికి రా. నాయన ఉంటాడు."

స్టెల్లా నాయన దేవసహాయం కువైట్ నుంచి తిరిగొచ్చి ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. ఇమ్మానుయేల్‌ని కూర్చోబెట్టి నేరుగా అడిగాడు.

"జీతమెంతప్పా?"

"తక్కువే. కానీ బయటి దేశానికి పోను. పొద్దుగూకేటప్పటికి ఇంట్లో ఉంటాను."

దేవసహాయం గోడకానుకుని నిలబడ్డ కూతురివైపు చూశాడు. తాను కువైట్ పోయినప్పుడు గౌను వేసుకుని ఉంది. వచ్చేసరికి చీరలో ఉంది.

"అమ్మా, రోజూ ఇంటికొస్తాడంట. అది నీకు చాలునా?"

స్టెల్లా వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"చాలు నాయనా."