సొంత వాక్యం

వనపర్తిలో ఓ కిరాణా దుకాణం మీది గదిలో మొహసిన్ సార్ స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాడు. రోజూ కొన్ని మాటలు, వాటి అర్థాలు. ఆపైన ప్రతి ఒక్కరూ లేచి ఒక ఉదాహరణ వాక్యం చెప్పాలి. షరతు ఒక్కటే. వాక్యం గైడులోది కాకూడదు, సొంత బతుకులో నిజంగా జరిగిందై ఉండాలి.

శ్రవణ్ కుమార్ చేరిన రోజే ఆ షరతుకు బలయ్యాడు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఈ డిగ్రీ వీరుడు, కాల్ సెంటర్ ఉద్యోగం కోసం గైడు మొత్తం బట్టీ కొట్టి మరీ వచ్చాడు. సార్ 'బ్రేవ్' అనగానే లేచి, "ది కింగ్ వాజ్ వెరీ బ్రేవ్" అన్నాడు.

"ఏ రాజును చూసిండ్రో ఈ కొత్త సార్‌గారు? మన వనపర్తి రాజుల కోటల పాలిటెక్నిక్ కాలేజీ పెట్టి ఎన్నేండ్లాయె!"

ఆ గొంతు సింధూజది. బిజినేపల్లి నుంచి బస్సులో వచ్చే బీఎడ్ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. శ్రవణ్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రేమ ఇంత శుభముహూర్తంలో పుట్టడం అరుదు.

ఆనాటి నుంచి సింధూజ ఉదాహరణలన్నీ అతనే. స్టబర్న్ అంటే మొండి: "శ్రవణ్ ఈజ్ స్టబర్న్. ఫ్యాను కింద సీటు ఇయ్యడు." పంక్చువల్ అంటే వేళ తప్పనివాడు: "శ్రవణ్ ఈజ్ పంక్చువల్. మా బస్సొచ్చే టైముకు బస్టాండ్ల ఉంటడు."

"కరెక్ట్ సెంటెన్స్," అనేవాడు సార్ జాలి లేకుండా.

ఒక వానరోజు బస్టాండులో ఆమె అడిగింది. "గొడుగు తెచ్చినవ్, ఎవలికి?"

"అమ్మ తీస్కపొమ్మన్నది."

"మీ అమ్మకు నా మీద మస్తు ప్రేమ ఉన్నట్టుంది!"

ఇంగ్లీషు రాదని క్లాసులో చేరాడు గానీ, ఆమె ముందు అతనికి తెలుగు కూడా మిగిలేది కాదు.

శుక్రవారం ఆమె నవ్వకుండా చెప్పింది. "ఆదివారం నన్ను చూడనీకి అచ్చంపేట నుంచి వస్తున్నరు. ఎరువుల దుకాణమంట."

"మంచిది," అన్నాడు మహానుభావుడు.

ఆమె ఒక్క క్షణం చూసి బస్సెక్కేసింది. ఆ సాయంత్రం శ్రవణ్ తనను తాను తిట్టుకున్నంతగా అతన్ని ఎవరూ ఎన్నడూ తిట్టలేదు.

శనివారం మాట 'రిగ్రెట్'. తర్వాత పశ్చాత్తాపపడటం.

శ్రవణ్ లేచాడు. "ఐ విల్ రిగ్రెట్ టుమారో."

"టుమారో ఇంకా కాలేదు గదయ్యా. అయినదే చెప్పాలె," అన్నాడు సార్.

"అయితది సార్! రేపు సింధూజను చూడనీకి వస్తున్నరు. నాకేమో ఆమె అంటే పానం. ఇప్పటిదాంక నోరు తెరవలే."

క్లాసంతా సింధూజ వైపు తిరిగింది.

"ఇంగ్లీషుల చెప్పు," అన్నాడు సార్.

"ఐ లవ్ సింధూజ, సార్. ఐ సెడ్ 'మంచిది'. ఐ రిగ్రెట్."

"కరెక్ట్. నెక్స్ట్, సింధూజ."

ఆమె లేచింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఐ డోంట్ రిగ్రెట్. దిస్ మార్నింగ్ ఐ సెడ్ నో టు అచ్చంపేట" అంది. తర్వాత ఇంగ్లీషును పక్కన పెట్టి శ్రవణ్ వైపు తిరిగింది. "ఎందుకొద్దు, ఎవలన్న ఉన్నరా అని మా నాయిన అడిగిండు. ఉన్నడు గని, ఆయనకింకా మాటలు రాలేదన్న."

"మరేమన్నడు?" అన్నాడు శ్రవణ్.

"మాటలొచ్చినంక తోల్కరమ్మన్నడు. రేపు రా. మా నాయినకు ఇంగ్లీష్ తెల్వదు, తెలుగుల తయారై రా."