మీటలు లేని కంప్యూటర్

ఆ ఉదయం వంటింట్లో టీ ఇంకా మరగనే లేదు, తమ్ముడు కంప్యూటర్ల గోల మొదలుపెట్టేశాడు. వారం రోజులుగా ఇంట్లో ఇదే వరస. కంపెనీలవాళ్లిచ్చిన రంగు కాగితాలు బల్ల నిండా పరుచుకుని, ఇది కొంటే ఇలా, అది కొంటే అలా అని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఆవిడ ఊ కొడుతూనే గిన్నెలు సర్దుకుంటోంది. అక్క మాత్రం గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మేడ మీద ఇల్లు, కింద షాపు. లారీలకీ బస్సులకీ కావలసిన బ్రేకు సామాన్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు, ఫిల్టర్లు, అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు రకాలు. పేరుకి షాపు తమ్ముడిది. కౌంటర్ మాత్రం ఇరవై రెండేళ్లుగా అక్కదే. తండ్రి ఉన్న రోజుల్లో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, మళ్లీ లేవలేదు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని ఇంట్లో ఎవరూ గట్టిగా అడిగిన పాపాన పోలేదు, కుర్చీ ఖాళీ అయితే ఎవరు కూర్చుంటారన్నదే అందరి బెంగ.

"మా అక్క స్క్రీన్ వంక కూడా చూడదు, కళ్లు మూసుకుని బిల్లు కొట్టేస్తుంది" అని తమ్ముడు వచ్చినవాడికల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు. చూడని మాట నిజమే. ఎందుకు చూడదో అతనికి తెలీదు. ఆమె కళ్లకి నడిమధ్య చూపు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, మూడేళ్ల కిందట పూర్తిగా పోయింది. పక్కలనుంచి తలుపులు, మెట్లు, మనుషుల భుజాలు కనిపిస్తాయి. సూటిగా దేన్ని చూస్తే అదే మసకబారి మాయమవుతుంది. అంకెలు, అక్షరాలు, మొహాలు, ఏవీ లేవు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ సంగతి ఆమె కడుపులోనే దాచుకుంది.

పాత కంప్యూటర్ ఉండబట్టి దాచుకోగలిగింది. నల్ల స్క్రీన్, దాని ముందు అక్షరాలన్నీ అరిగిపోయిన లావుపాటి కీబోర్డు. ప్రతి సామానుకీ డబ్బా మీద అచ్చైన ఒక నంబరు. ఆ నంబర్లన్నీ ఆమె నోటికి వచ్చు, మీటలన్నీ వేళ్లకి వచ్చు. లేని నంబరు కొడితే కంప్యూటర్ కీచుమంటుంది, ఆమె చెరిపేసి మళ్లీ కొడుతుంది. ఏ అరలో ఏ డబ్బా ఉందో గోడ పట్టుకుని వెళ్లి తీసుకొస్తుంది. రోజుకి అరవై డెబ్భై బిల్లులు అలా వెళ్లిపోతున్నాయి.

కానీ ఒక అంకె తప్పి, ఆ తప్పు నంబరుతో కూడా నిజంగా ఒక సామాను ఉంటే కంప్యూటర్ కీచుమనదు. పోయిన నెలలో రెండుసార్లు అదే జరిగింది. రెండోసారి గడ్డం మెకానిక్‌కి ఒక బస్సు బ్రేకు పైపు బదులు ఇంకో బస్సుది వెళ్లింది. అతను పాత కస్టమర్, తగవులమారి కాదు. డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, బిగించే ముందు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నలభైమంది ప్రాణాలు అన్నాడు. తమ్ముడు కంగారుపడి వెంటనే నేరం పాత కంప్యూటర్ మీదకి తోశాడు. దానికి వయసైపోయింది, బుర్ర పాడైంది, మార్చేస్తాను అని మెకానిక్‌కి మాటిచ్చాడు. అక్క అక్కడే ఉంది. నోరు తెరిచి నాదే తప్పు అనొచ్చు. అనలేదు. ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సహించడం లేదు.

అలా మొదలైంది ఈ కంప్యూటర్ల వేట. సోమవారం డీలర్ రెండు రకాలు తెచ్చి వారం పాటు వాడి చూసుకోమని షాపులో పెట్టాడు. ఒకటి మామూలు పెట్టె రకం, విడిగా కీబోర్డు ఉన్నది. రెండోది పలకలా పల్చగా ఉంది, అంతా అద్దమే, వేలితో నొక్కితే చాలు. సామాను బొమ్మలు కూడా కనిపిస్తాయి. తమ్ముడు పలక మీద మనసు పడ్డాడు. దాన్ని చేత్తో పట్టుకుని అరల మధ్య తిరుగుతూ బిల్లు కొట్టుకోవచ్చని, కౌంటర్ అనేదే అక్కర్లేదని పదిమందికి చెప్పాడు.

ఆ వారమంతా అక్క పలక జోలికి పోలేదు. ఏదైనా చెయ్యమంటే తలనొప్పి అంది, పని ఉంది అంది, రేపు చూద్దాంలే అంది. శుక్రవారం భోజనాల దగ్గర తమ్ముడు నిలదీస్తే, పెట్టె రకమే తీసుకో, అద్దం పగిలితే కొంప మునుగుతుంది అని ఒక్క మాట చెప్పి లేచిపోయింది.

ఆమె వెళ్లాక మరదలు మనసులో ఉన్నది కక్కేసింది. ఆవిడకి ఆడపడుచు మీద మూడేళ్ల కోపం. మాట్లాడేటప్పుడు తన మొహం వంక చూడదు, ఎటో పక్కకి చూస్తూ సమాధానం చెబుతుంది, కొత్త బట్టలు కట్టుకుని ఎదురుగా నిలబడ్డా బాగుందనో బాగాలేదనో అనదు. తనని మనిషి కింద లెక్కేయడం లేదని ఆవిడ తీర్మానించుకుంది. కొత్తది వస్తే సామాను ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది, అప్పుడిక వదిన్ని అడిగేవాళ్లుండరు, అదీ ఆవిడ బాధ అని మొగుడికి నూరిపోసింది. అతనికీ అది నిజమే అనిపించింది. ఇరవై రెండేళ్లు ఒకే కౌంటర్ దగ్గర పక్కపక్కన నిలబడ్డ తోబుట్టువు గురించి ఒక్క పూటలో అలా నమ్మేశాడంటే ఏమనుకోవాలి.

శనివారం పొద్దున్న డీలర్ వచ్చాడు, ఏదో ఒకటి తేల్చమన్నాడు. సరిగ్గా అప్పుడే గడ్డం మెకానిక్ కూడా ఆయిల్ ఫిల్టర్ కోసం వచ్చాడు. తమ్ముడికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. పాత కంప్యూటర్ తీగ గోడలోంచి పీకేసి, పలకని తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఈ బిల్లు దీంట్లో కొట్టక్కా, కొట్టాక నీకే నచ్చుతుంది అన్నాడు. పైనుంచి టీ గ్లాసులు తెచ్చిన మరదలు కూడా గుమ్మంలో నిలబడిపోయింది.

అక్క అద్దం మీద చెయ్యి పెట్టింది. నున్నగా ఉంది. ఎక్కడ ఏముందో వేలికి తెలియడం లేదు. ఎక్కడో తగిలింది, అద్దంలో వెలుగు మారింది.

"అది కాదు మేడం, ఎర్రది నొక్కండి" అన్నాడు డీలర్ మర్యాదగా.

ఆమె ఇంకోచోట నొక్కింది. అదీ కాదన్నాడు. మూడోసారి ఏం నొక్కిందో, యాభై ఫిల్టర్లకి బిల్లు తయారైంది. డీలర్ నవ్వు ఆపుకున్నాడు. మెకానిక్ బయట ఆగి ఉన్న బస్సు వైపు చూశాడు. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది.

"కావాలనే చేస్తున్నావు. నీకు కొత్తదంటే భయం కాదక్కా, నీ పెత్తనం పోతుందని భయం. దానికోసం షాపు పరువు తీస్తావా?"

అక్క చెయ్యి అద్దం మీదే ఉంది. చాలా మామూలుగా అడిగింది.

"ఎర్రది ఎక్కడుందిరా?"

"కళ్లెదురుగా ఉంది కదా."

"ఉండే ఉంటుంది. నాకు కనిపించడం లేదు."

తమ్ముడు ఇంకా కోపంలోనే ఉన్నాడు. వెక్కిరిస్తోందనుకున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి మెకానిక్ గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"ఆ బ్రేకు పైపు తప్పు నాదే అన్నా. కంప్యూటర్‌ది కాదు. దాని ముందు జరిగిందీ నాదే. మూడేళ్ల నుంచి నేను అంకెలు చూడలేకపోతున్నాను. నీకు ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు."

డీలర్ తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టి, అదీ బాగోదనిపించి ఆపేశాడు. మెకానిక్ గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. ఫర్వాలేదు అని అతను అనలేదు. అనకపోవడమే న్యాయం.

ఎందుకు చెప్పలేదని అడిగాడు తమ్ముడు. గొంతులో ఇంకా పాత కోపం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు.

"నాన్న చేతులు వణుకుతున్నాయని తెలిసిన రోజు ఏమన్నావో గుర్తుందా? ఇంక కష్టపడింది చాలు నాన్నా, హాయిగా మేడ మీద కూర్చో అన్నావు. ఎంత ప్రేమగా అన్నావో నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆయన కూర్చున్నాడు. షట్టర్ తీసిన చప్పుడు అయినప్పుడల్లా లేచి నిలబడేవాడు, మళ్లీ కూర్చునేవాడు. పది నెలలు, పోయేదాకా. నేను ఆ పక్క గదిలో ఉండేదాన్నిరా, నేను చూశాను. అప్పుడు నాకు కళ్లున్నాయి."

అప్పుడు తమ్ముడి నోటి వెంట వచ్చిన మాట వినండి. "సరే అక్కా, ఇప్పటికైనా నువ్వు హాయిగా..." అంటూ మొదలుపెట్టాడు. సగంలో తన మాట తనకే వినపడి నోరు మూసుకున్నాడు. బీరువాకి ఆనుకుని నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

మరదలు గ్లాసులు కింద పెట్టి దగ్గరకొచ్చింది. మూడేళ్ల కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలీదు, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. నన్ను చూడటం ఇష్టంలేదనుకున్నాను వదినా అంది. ఆ తర్వాత ఏడుపే.

"నీ మొహం చూసి మూడేళ్లయింది" అంది అక్క. "నీకు జుట్టు నెరిసిందో లేదో కూడా తెలీదు. ఏడవకు, నీ ఏడుపు నాకిప్పుడు అక్కర్లేదు." మాట కటువుగానే ఉంది. ఆమె దాన్ని మెత్తబరచాలని కూడా చూడలేదు. అయినా మరదలు ఆమె చెయ్యి వదల్లేదు.

డీలర్ మెల్లగా కల్పించుకున్నాడు. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు రెండు రకాల్లోనూ ఉందని, పలకలో అయితే వేలు ఎక్కడ పెట్టాలో మొదటినుంచి నేర్చుకోవాలని, పెట్టె రకంలో మీ వేళ్లకి వచ్చిన మీటలతోనే పని జరుగుతుందని చెప్పాడు. ఇంతసేపూ సార్ అంటూ తమ్ముడికే చెప్పినవాడు, ఇప్పుడు ఆమెకి చెప్పాడు.

ఏది కావాలని తమ్ముడు అడగలేదు. అడిగే మొహం లేదు. ఆమే చెప్పింది. "మీటలున్నది దింపి వెళ్లు బాబూ. నేర్చుకోవడానికి నాకు నాలుగు రోజులు చాలు. ఈ నాలుగు రోజులూ బిల్లులు తమ్ముడు కొడతాడు."

నాలుగు కాదు, తొమ్మిది రోజులు పట్టింది. కొత్త కంప్యూటర్ ఆమె కొట్టిన ప్రతి అంకెనీ పైకి చదువుతుంది, సామాను పేరు చెబుతుంది. ఆ గొంతు వీధి దాకా వినిపిస్తుంది. ఇన్నాళ్లూ దాచుకున్నది ఇప్పుడు వచ్చేపోయేవాళ్లందరికీ తెలిసిపోయింది. కొందరు జాలిగా మాట్లాడారు, కొందరు చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడారు. ఆమెకి రెండూ ఒకేలా ఒళ్లు మండించాయి. తమ్ముడు రోజూ ఏదో ఒక వంకతో క్షమాపణ చెప్పబోయేవాడు. నీ మీద కోపం పోలేదురా, పోయిన రోజు నేనే చెబుతాను అని ఒకసారి ముక్కుసూటిగా అనేసింది.

పదో రోజు పొద్దున్న గడ్డం మెకానిక్ వచ్చాడు. ఒక బస్సుకి బ్రేకు సిలిండర్ కావాలన్నాడు. కౌంటర్ దగ్గర ఆమె కూర్చుని ఉండటం చూసి కాసేపు తటపటాయించి, తమ్ముడితో నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకు. ఇది నువ్వే ఇవ్వు."

తమ్ముడి మొహం ఎర్రబడింది. మా అక్క ఇస్తేనే తీసుకో, లేకపోతే వేరే షాపు చూసుకో అని నోరు జారాడు. అక్క చెయ్యెత్తి ఆపింది.

"అతని మీద అరవకు. రేపు ఆ బస్సు ఎక్కేది మనుషులు. బిల్లు నేను కొడతాను, పేరు అందరూ వింటారు. డబ్బా నువ్వు తీసి నంబరు పైకి చదువు. రెండూ కలిస్తేనే ఇద్దాం. ఇక మీదట బ్రేకు సామాను ఎవరికైనా ఇంతే."

మెకానిక్ సరేనని తలాడించాడు. అది ఆమెకి కనిపించదని గుర్తొచ్చి సరే అక్కా అని పైకి అన్నాడు.

ఆమె నంబరు కొట్టింది. కంప్యూటర్ చదివింది. తమ్ముడు డబ్బా తెచ్చి వెలుతురులో పెట్టుకుని నంబరు చదవడం మొదలుపెట్టాడు. చీమ తలకాయంత అంకెలు, పన్నెండు. సగం గ్రీజులో కలిసిపోయాయి. ఏడో అంకె దగ్గర, అది మూడా ఎనిమిదా అని తేల్చుకోలేక ఆగాడు. ఎనిమిది అయి ఉండాలి చూడు అని, మిగతావన్నీ ఆమె తడుముకోకుండా చెప్పేసింది. గుడ్డతో తుడిచి చూస్తే ఎనిమిదే. అన్నీ సరిపోయాయి.

ఇలాంటివి నాలుగు వేలు. చూపు పోతోందని తెలిసిన రోజు నుంచి, ఇంట్లో ఎవరికీ అనుమానం రాకుండా, ఇంకా కనిపిస్తున్నప్పుడే ఒక్కొక్క డబ్బా తీసి చదువుకుని కంఠస్థం పట్టి ఉంటుంది. ఎన్ని మధ్యాహ్నాలు పట్టి ఉంటుందో, అప్పుడు తాను ఎక్కడున్నాడో తమ్ముడికి తట్టింది. ఇదే షాపులో, అయిదు అడుగుల దూరంలో ఉన్నాడు. కళ్లల్లో నీళ్లు జలజలా కారిపోయాయి. తుడుచుకోలేదు. అక్కకి ఎలాగూ కనిపించదు కదా అనుకుని, ఆమె పక్కనే నిలబడి, భుజాలు ఎగసిపడుతుంటే చప్పుడు కాకుండా ఏడ్చాడు.

అక్క బిల్లు చింపి మెకానిక్ చేతికిచ్చింది. అతను గుమ్మం దిగేదాకా ఆగి, తల తిప్పకుండానే అంది.

"నా దగ్గర దాచకు. మొహం కడుక్కుని రా, ఇంకా బేరాలొస్తాయి."