ఎర్రకోటు, నా సేతికర్ర

కాదమ్మా అక్షయా, "మా ధీరజ్ బుద్ధిమంతుడు" అన్న ముక్క కొట్టెయ్. ఎవుడి తాతైనా అదే సెప్తాడు. పిల్ల తండ్రి నమ్మడు. జరిగింది జరిగినట్టు రాయి. నేను మెల్లగా సెప్తా.

కరోనాకి విమానాలు ఆగిపోయి, నేను ఈ జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో మీ ఇంట్లో సిక్కడిపోయానా. అప్పుడే కదా పక్క ఫ్లాట్లోకి శ్రీవల్లి దిగింది. బెజవాడ పిల్ల. నీ తమ్ముడు ధీరజ్ లాగే ఇక్కడ మాస్టర్స్.

మొదటిరోజే ధీరజ్‌తో పోట్లాట. కింద సెత్తడబ్బాల కాడ.

"హలో, నూనె అంటిన పిజ్జా బాక్స్ పేపర్ డబ్బాలో వెయ్యకూడదు."

"మీరేంటి, ఈ బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టరా?"

"కాదు, చదవడం వచ్చినదాన్ని. డబ్బా మీదే రాసుంది, చూడండి."

నేను బాల్కనీలోంచి ఇన్నాను. ఈడు ఆ అట్టపెట్టె తీసి పక్క డబ్బాలో పడేశాడు. మనింట్లో ఈడి నోరు మూయించినోళ్లు అప్పటిదాకా లేరు.

తర్వాత సినిమాలు. బాల్కనీలు పక్కపక్కనే, మధ్యలో కమ్మీలు. సాయంత్రం లాప్‌టాప్ ఆ కమ్మీల కాడ పెడితే ఆ పిల్ల అటు కుర్సీ ఏసుకునేది, మనం ఇటు. దూరం పాటించినట్టూ ఉంటది, సినిమా సూసినట్టూ ఉంటది.

ఒకరోజు ఈడు తనకి పిచ్చున్న పాత అమెరికా సినిమా పెట్టాడు. కుర్రపిల్లలు పెద్దోళ్ల మీద తిరగబడేది. హీరో ఎర్రకోటు ఏసుకుని తిరుగుతాడు. ఈడూ సంతలో అలాంటిదే కొనుక్కున్నాడు. నాకు ఇంగ్లీషు రాదాయె. శ్రీవల్లే తెలుగులో సెప్పింది. "అతను రౌడీ కాదు తాతగారూ. వాళ్ల నాన్న ఒక్కసారి గట్టిగా నిలబడితే చాలని చూస్తున్నాడు."

అయ్యాక అలవాటు కొద్దీ అడిగా. పాత సినిమా ఏది సూసినా అడుగుతానుగా. "ఈ కుర్రాడు ఇప్పుడు ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నాడు తాతగారూ," అంది శ్రీవల్లి. "ముసలాయనైపోయాడు."

"ఏం ఉన్నాడు!" అన్నాడు ఈడు. "ఈ సినిమా రిలీజే చూళ్లేదు. ఇరవై నాలుగేళ్లకే కారు యాక్సిడెంట్‌లో పోయాడు. గూగుల్ చేసుకోండి మేడమ్."

"నేను చెప్పింది తాతగారికి. మీకు కాదు."

"తాతకైనా సరే, అబద్ధం ఎందుకు?"

ఆ పిల్ల లేచి లోపలికెల్లి తలుపేసుకుంది. మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

నువ్వే కదమ్మా కనుక్కొచ్చావు. వాళ్ల నాన్న రవీంద్రనాథ్ గారికి బెజవాడ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారని. ఎల్దామంటే విమానాల్లేవు. ఎవుడో ఒకడు పోయాడన్న మాట ఆ పిల్ల నోట్లోంచి ఎలా వస్తది మరి?

అది ఇని ఈడు ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఆ ఎర్రకోటు తగిలించుకుని, నా సేతికర్ర లాక్కుని, నడుం వంచి బాల్కనీలో కుంటటం మొదలెట్టాడు.

"ఏవైందిరా నీకు?"

"తాతా, ఆ హీరో బతికే ఉన్నాడంట!" అని అరిచాడు, పక్క తలుపుకేసి. "ఆ రోజు బ్రేక్ పడిందంట. ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి. మోకాళ్ల నొప్పులు. బట్టతల."

తర్వాత తలుపెనక నుంచి, "బట్టతల కాదు. జుట్టు తెల్లబడిందంతే."

"మనవలున్నారా అండీ?"

తలుపు తెరుసుకుంది. కళ్లు వాసి ఉన్నాయి. "ఒకడు. చెత్త వెయ్యడం కూడా రాదు."

"నేర్పితే నేర్చుకుంటాడంట."

ఆ పిల్ల నవ్వి, ఫోన్ తీసి ఈడి ఫోటో కొట్టింది.

అప్పట్నుంచి రోజూ అదే. ఆ ముసలి హీరో ఏం తిన్నాడు, మాస్కు ఏసుకోనని ఎవరితో తగువాడాడు, అన్నీ ఇద్దరూ కల్పించేవాళ్లు. నేను ఊ కొట్టేవాణ్ణి. ఇక్కడ కథ ఆగితే అక్కడేదో ఆగిపోద్దన్నట్టు ఉండేది వాళ్ల వరస.

వాళ్ల నాన్నకి నయమై ఆక్సిజన్ తీసేశారని ఫోనొచ్చిన రోజు వాన. కమ్మీలకి అటు ఆ పిల్ల తడుస్తా నిలబడింది, ఇటు ఈడు.

"ఇంక ఆ ముసలాయన కథ అక్కర్లేదేమో," అన్నాడు.

"ఎందుకక్కర్లేదు? ఆయనకింకా బోలెడు ఏళ్లున్నాయి. పక్కనుండి చెప్పేవాళ్లుంటే."

"నేనుంటాను."

"మా నాన్న ఒప్పుకోవాలి."

నేను లోపలికొచ్చేశా. నాకు జలుబు సేస్తది.

ఇప్పుడు విమానాలు తిరిగి ఆ పిల్ల బెజవాడ ఎల్లిందా. నాన్నకి ఆ ఫోటో సూపించింది. ఆయన సూసి, "ఎర్రకోటూ, చేతిలో కర్రా! ఎవణ్ణి కొట్టడానికి? ఈ రౌడీ సంబంధం మనకొద్దు" అన్నాడంట. ఆ పిల్ల ఎదురు సెప్పలేదు. ఫోటో సంగతి సెప్పాలంటే, మీరు పోతారని భయపడ్డానని సెప్పాలి. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్న మనిషికి ఆ మాట మొహం మీద ఎలా సెప్తది?

అందుకే నేను సెప్పాల్సొచ్చింది.

సాలమ్మా, కలం పక్కన పెట్టు. రవీంద్రనాథ్ గారికి ఫోన్ సేసి, ఇదంతా నీ నోటితో సదివి ఇనిపించు. మెల్లగా సదువు. ఆ కోటు ఏసుకుంది ఆయన బతకాలనేనని సెప్పు. కర్ర నాదన్న ముక్క కాడ కాస్త ఆగు. ఆయన నవ్వితే, ఫోను శ్రీవల్లికి ఇమ్మను.