నాలుగో గ్రహం పళ్ళచక్రం

మొదటి రోజే గొడవైంది. మ్యూజియం కోసం అతను చేస్తున్న, ఒక దూరపు నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాల నమూనాలో లోపలి గ్రహం నింపాదిగా, బయటి గ్రహం ఆదరాబాదరాగా తిరుగుతున్నాయి. ఆ నక్షత్రాన్ని నాలుగేళ్ళుగా పరిశీలిస్తున్న శాస్త్రవేత్త, అందరూ నక్షత్రం మేడం అని పిలిచే ఆమె, వచ్చి, పిడి ఒక్కసారి తిప్పి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"దగ్గరున్నదే గబగబా తిరుగుతుందండీ. బడిపిల్లలకి కూడా తెలుసిది."

ఆ రోజు నిజంగానే చక్రాలు తారుమారయ్యాయి. కానీ దిద్దాక చూడడానికి మళ్ళీ బుధవారం వస్తానందామె. అంతే, అతని బుర్ర పాదరసంలా పనిచేయడం మొదలెట్టింది.

ఆ బుధవారానికి రెండో గ్రహానికి మూడోదాని రంగు వేశాడు. పై బుధవారానికి నక్షత్రంలో ఎర్ర బల్బు తీసి పసుపుది పెట్టాడు. ఆమె తిట్టినప్పుడల్లా బుద్ధిగా తల ఊపాడు. వర్క్‌షాపు నడిపే అక్క మాత్రం, తమ్ముడింత మొద్దు ఎప్పుడయ్యాడా అని ఓరగా చూసి ఊరుకుంది.

వచ్చే సోమవారం నమూనా మ్యూజియానికి వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఆమె రావడానికి కారణమే ఉండదు. 

చివరి బుధవారం ఆమె వానలో సగం తడిసి వచ్చింది. గొడుగు మూలన పెట్టి పిడి తిప్పింది. లోపలి గ్రహం మూడు చుట్లు తిరిగొచ్చినా, నాలుగోది ఒక్క చుట్టు కూడా ముగించకుండా కాస్త వెనకే ఆగిపోయింది.

"లోపలిదానికి ఆరు రోజులు, దీనికి పద్దెనిమిది. రెండూ ఒకే గీత మీదకి రావాలి కదా?"

అతను బల్ల మీద నుంచి ఒక కాగితం తీశాడు. రెండో బుధవారం ఆమె స్వయంగా రాసిచ్చిన లెక్క అది. నాలుగో గ్రహానికి పంతొమ్మిది రోజులని గుండ్రటి అక్షరాల్లో ఉంది.

"మీ వ్యాసం చదివాను. అందులో పద్దెనిమిదే ఉంది. నాకు మాత్రం పంతొమ్మిదిచ్చారేం?"

ఆమె గొడుగుకేసి చూసింది. "తప్పని తెలిసీ మీరలాగే ఎందుకు చేశారు?"

అతను సొరుగు తెరిచాడు. నూనె గుడ్డలో చుట్టిన సరైన పళ్ళచక్రం, చేసి వారమైంది, అందులో భద్రంగా ఉంది.

"ఇది బిగిస్తే మీరిక రారని. మీరంటే నాకిష్టం. చెప్పడం చేతకాక రంగులు మారుస్తూ కూర్చున్నాను."

ఆమె స్క్రూడ్రైవర్ అందుకుని పాత చక్రం ఊడదీసి కొత్తది బిగించింది. పిడి తిప్పింది. మూడో చుట్టు ముగిసేసరికి నాలుగో గ్రహం వచ్చి సరిగ్గా గీత మీద నిలబడింది.

"నాక్కూడా," అంది గ్రహాలవైపే చూస్తూ. "మరి వచ్చే బుధవారానికి ఏ తప్పు చేద్దాం?"

వెనకనుంచి అక్క గొంతు వినబడింది.

"బుధవారం మా ఇంటికి భోజనానికి రామ్మా. అమ్మకి ఎప్పుడో చెప్పాను, పసుపు బల్బు వెలిగిన రోజే."