గంట కొట్టింది విమానం కాదు

"రైలుకు పట్టాలున్నాయి, పడవకు నీళ్ళున్నాయి. దానికి కింద ఏముందిరా? ఉత్త గాలి. గాలిని నమ్మి ఆడబిడ్డను ఎట్లా ఎక్కనిచ్చేది?"

మగ్దలీనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ అన్న మాట అది. విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, సరుగుడు తోపులకు ఇవతల ఉన్న ఆ పల్లెలో అప్పటికి విమానాన్ని దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఎప్పుడైనా ఒకటి ఆకాశంలో గీతలా సాగిపోతే, వలలు బాగుచేసుకునే వాళ్ళు కూడా చేతిలో పని ఆపి తలలెత్తేవారు. అటువంటిది, ఢిల్లీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురు ఎలిశబెతు ఆ గీతలో కూర్చొని మద్రాసుకు వస్తోంది. సెలవు ఆలస్యంగా దొరికింది. రైలెక్కితే ప్రధానం వేళకు అందుకోలేదు. పెళ్ళి ఖాయం చేసుకొని ఉంగరం తొడిగే రోజున పెళ్ళికూతురే లేకపోతే ఎలాగని, దాచుకున్న జీతం పెట్టి టికెట్టు కొనుక్కుంది.

కొడుకు సమాధానం నెల్లూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. చెల్లెల్ని తీసుకురావడానికి మద్రాసు బయలుదేరుతూ నవ్వాడు.

"నాయన సైకిలెక్కినప్పుడు కూడా నువ్వు ఇట్లనే అన్నావంట కదమ్మా."

"అన్నాను. పడలేదా మరి?"

భర్త అబ్రహాము పడిన మాట నిజమే. అది కూడా సైకిలు గోడకు ఆనించి, దాని మీద నిలబడి చింతకాయలు కోస్తున్నప్పుడు. ఆయన పోయి అయిదేళ్ళు దాటినా ఆ సంగతి ఆమె చేతిలో సాక్ష్యంగా మిగిలే ఉంది. ఆమె భయాలన్నీ అటువంటివే. కుక్క కాస్త గట్టిగా మొరిగితే దొంగ, పిల్లవాడు తుమ్మితే సన్నిపాతం. అయిదో తరగతి చదువూ, అరిగిపోయిన బైబిలూ, ఈ భయాలూ ఆమె ఆస్తి. ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవారు గానీ, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందుగా గుమ్మం తొక్కేది ఆమేనని వాళ్ళకు తెలుసు.

మరునాడు మధ్యాహ్నానికి అన్నాచెల్లెళ్ళు ఇంటికి చేరాలి. ఆ పొద్దున్నే కోవూరు నుంచి పెళ్ళికొడుకు తల్లి రెబెక్కమ్మ నలుగురు ఆడవాళ్ళతో బండి దిగింది. పెళ్ళికొడుకు పరంజ్యోతి, బడిపంతులు, మరుసటి రోజు పెద్దలతో రావాలి. పళ్ళు, చీర, ఉంగరం ఉన్న పళ్ళాన్ని రెబెక్కమ్మ ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకొని కూర్చుంది. పెరట్లో మేకను కోశారు. పక్కింటి కామమ్మ మసాలా నూరుతూ ఢిల్లీ కోడలు రొట్టెలే తింటుందో ఏమో, మీ మొలగొలుకుల అన్నం ఆమెకు సయిస్తుందో లేదో అని రెబెక్కమ్మను ఆటపట్టిస్తోంది. అందరూ నవ్వుతున్నారు, మగ్దలీనమ్మ తప్ప. ఆమె చెవి దారి మీదే ఉంది.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. పిల్లలు దిగలేదు. పొద్దు వాలే వేళకు విడవలూరు నుంచి తపాలా మనిషి సైకిలు మీద వచ్చాడు. చేతిలో తంతి.

ఆ రోజుల్లో పల్లెకు తంతి వచ్చిందంటే చావు వచ్చినట్టే. మంచి మాట చెప్పడానికి అంత ఖర్చు ఎవరు పెడతారు? తపాలా మనిషి గుమ్మం ముందే నిలబడి చదివి, తెలుగులో చెప్పాడు. విమానం రాలేదు, సంగతి తెలియదు, ఇక్కడే ఉన్నాను, ఇట్లు సమాధానం. అమ్మ కంగారు పడకూడదనే కొడుకు ఆ తంతి ఇచ్చాడు. ఆమెకు అందులో వినిపించింది రెండే మాటలు. రాలేదు. తెలియదు.

రెబెక్కమ్మ ఏదో అనబోయేలోగా మగ్దలీనమ్మ ఇసుకలో పరుగెత్తుతోంది. చర్చి గంట చూసుకునే ముత్యాలయ్య ఊళ్ళో లేడు. తాడు ఆమే అందుకుంది. ప్రార్థనకైతే గంట గబగబా మోగుతుంది. చావుకు ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత సముద్రం మీద అణిగేదాకా ఆగి, మళ్ళీ ఒక దెబ్బ కొడతారు. ఆమె అలాగే కొట్టింది. తోపుల్లో పుల్లలేరుకుంటున్న వాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. రెబెక్కమ్మ వచ్చి, ఇంకా కోడలు కాని పిల్ల కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది. తెల్లవారుజామున పళ్ళెం మీద గుడ్డ కప్పి, మగవాళ్ళను మద్రాసు పంపాలంటూ కోవూరు బండెక్కింది.

ఆ పొద్దుటి బస్సులో అన్నతో పాటు ఎలిశబెతు దిగింది.

విమానంలో యంత్రమేదో చెడితే దారిలో ఒక ఊళ్ళో దించేశారట. పెద్ద హోటల్లో పెట్టి, అన్నం పెట్టి, మరో విమానంలో పంపారట. పిల్ల వాకిట్లోకి వచ్చేసరికి ఇంటినిండా ఏడుపు మొహాలు. కామమ్మ ఆమె చేతులు, బుగ్గలు తడిమి చూసి, కన్నీళ్ళు తుడుచుకొని, "నీకు ఇక్కడ గంట కొట్టేటప్పుడు నువ్వు అక్కడ ఐసుక్రీము తింటా ఉన్నావంట కదమ్మే" అంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎలిశబెతు నవ్వలేదు. ఖాళీగా ఉన్న చాపనూ, ముట్టకుండా చల్లారిపోయిన కూర డేగిసానూ చూసింది.

"ఒక్క రాత్రి ఆగలేకపోయినావా అమ్మా?"

మగ్దలీనమ్మ కళ్ళు దించుకుంది.

కోవూరు నుంచి కబురు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పిల్ల క్షేమంగా చేరినందుకు దేవునికి స్తోత్రం, ప్రధానం మాత్రం ఇప్పుడు వద్దు అని రెబెక్కమ్మ చెప్పి పంపింది. మనకు శకునాలు లేవని పాస్టరు గారు ప్రసంగంలో చెప్పినప్పుడు అందరూ ఆమేన్ అన్నవాళ్ళే. కానీ బతికున్న పిల్లకు చావుగంట మోగితే, దాన్ని ఏమనాలో ఎవరికీ తోచలేదు.

సెలవు కరిగిపోతోంది. ఎలిశబెతు ఇల్లు ఊడ్చేది, నీళ్ళు తెచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతకు మించి మాట్లాడేది కాదు. ఒకరోజు కూతురి పెట్టె సర్దుతుంటే మగ్దలీనమ్మకు అడుగున ఉన్ని మఫ్లరు కనిపించింది. చేత్తో అల్లింది. ఉప్పుగాలికి చొక్కా కూడా బరువయ్యే కోవూరు పంతులుకు, ఢిల్లీ చలిలో కూర్చొని పిచ్చిపిల్ల మఫ్లరు అల్లింది. తల్లి దాన్ని మొహానికి ఆనించుకొని, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

సమాధానం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. వకీలు సలహాతో విమానాల ఆఫీసుకు నోటీసు పంపాడు. ఆలస్యం వల్ల సంబంధం తప్పిపోయింది, వంటల ఖర్చు, టికెట్టు సొమ్ము, మనోవేదన అన్నిటికీ నష్టపరిహారం కావాలన్నాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నాము, సంబంధం తప్పింది ఆలస్యం వల్లనేనని కుటుంబ పెద్ద సంతకం చేసి పంపితే పరిశీలిస్తాము అని. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అతను కాగితం టైపు చేయించి తెచ్చి, తల్లి ముందు పెట్టి, కలం మూత తీశాడు.

ఆమె కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"ఇందులో గంట మాట లేదే?"

"అది ఎందుకమ్మా? వాళ్ళు అడగలేదు. నువ్వు సంతకం చెయ్యి, చాలు. చెల్లెలి డబ్బు దానికి తిరిగొస్తుంది."

"విమానం ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కదా."

"వాళ్ళ తప్పు లేదంటావా? యాడుందో ఒక్క మాట చెప్పినారా వాళ్ళు? వాళ్ళ ఆఫీసు కిటికీ కాడ నిలబడి కాళ్ళు పీక్కుపోయినాయి నాకు."

"అది వాళ్ళ తప్పే. కాదనలా." ఆమె కలం తీసుకొని మూత పెట్టేసింది. "తంతి ఇచ్చినోడివి నువ్వు. గంట కొట్టినదాన్ని నేను. కాగితం మటుకు విమానం మీద రాస్తావా?"

సమాధానానికి రోషం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నీ భయానికి మేమే జరిమానా కడుతున్నామన్నాడు. ఈతకు పోనివ్వలేదు, పడవెక్కనివ్వలేదు, ఇప్పుడు పిల్ల బతుకు కూడా ఆ భయానికే బలి అన్నాడు. అన్నాక, తన మాట తనకే ఎక్కువనిపించి తల దించుకున్నాడు. స్తంభానికి ఆనుకొని నిలబడ్డ ఎలిశబెతు అన్నను ఆపలేదు. అదే మగ్దలీనమ్మకు ఎక్కువ తగిలింది.

ఆమె కాగితం మడిచి కొడుకు జేబులో పెట్టింది. "నాకు డబ్బులొద్దురా. ఇంకెప్పుడైనా విమానం ఆగితే, మనుషులు యాడున్నారో వాళ్ళ ఇళ్ళకు కబురు పంపమని రాయి. దాని కింద సంతకం చేస్తా." ఆపైన కూతురి వైపు తిరిగి, చీర మార్చుకోమంది.

తల్లీకూతుళ్ళు బస్సెక్కి కోవూరులో దిగారు. రెబెక్కమ్మ మర్యాదగా చాప పరిచి, మజ్జిగ ఇచ్చింది. పరంజ్యోతి గుమ్మం దాకా వచ్చి, తల్లి మొహం చూసి వెనక్కి తగ్గాడు.

"శకునమని కాదు వదినా," రెబెక్కమ్మే మొదలుపెట్టింది. "ఆ సాయంత్రం ఈ బిడ్డకోసం నేను నిజంగా ఏడ్చినాను. ఏడ్చి, మనసులో పూడ్చేసినాను. మళ్ళీ దాన్నే ఇంటికి తెచ్చుకొని నవ్వాలంటే నాకు చేతకావడం లేదు. ఎందుకు కొట్టినావు ఆ గంట? ఒక్క రాత్రి ఆగుండకూడదా?"

కూతురు అడిగిన మాటే. ఈసారి మగ్దలీనమ్మ కళ్ళు దించుకోలేదు.

"మా అన్న పేరు సమాధానం," అంది. "వాడి పేరే నా కొడుక్కి పెట్టుకున్నా. నేను పావడాలు కట్టుకునేటప్పుడు వాడు మద్రాసులో ఓడెక్కి రంగూన్ పోయినాడు. తీరం మీద నన్ను భుజాలెక్కించుకొని, అదిగో ఆ వైపే అని చూపించినాడు. ఆ వెనక యుద్ధమొచ్చింది. పోయినాడని ఎవరూ చెప్పలా, ఉన్నాడని ఎవరూ చెప్పలా. గంట కొట్టించి ప్రార్థన పెట్టిద్దామని మా నాయన అంటే మా అమ్మ ఒప్పుకోలా. దినమూ మొదటి ముద్ద వాడి కంచంలో పెట్టేది. నా పెళ్ళిరోజు కూడా పెట్టింది. ముసలిదై, మంచాన పడి, కళ్ళు పోయినాక కూడా కంచం తడుముకొని పెట్టేది. మా ఇంట్లో పండగ లేదు, చావు లేదు, ఎదురుచూపే. తంతిలో 'తెలియదు' అన్న మాట వినబడగానే నాకు మా అమ్మ కంచం కనబడింది. నా బిడ్డకు కూడా నేను అట్లా కంచం పెడతా కూర్చోవాలేమోనని... పోయిందనుకుంటే ఏడ్చి ఊరుకోవచ్చు కదా. తెలియదంటే ఎట్లా ఊరుకునేది? అందుకే పరిగెత్తినా. తప్పు విమానానిది కాదు, నాది. దానికి శిక్ష నా బిడ్డకు వద్దు వదినా."

ఎలిశబెతు తల్లి వైపు తిరిగింది. పేరు మాత్రమే తెలిసిన మేనమామ, ఇంట్లో అటక మీద బోర్లించి ఉన్న ఆ రాగి కంచం, దాన్ని ఎవరూ వాడకూడదన్న చిన్ననాటి ఆజ్ఞ, అన్నీ ఒకచోట కలిశాయి. మెల్లగా జరిగి, తల్లి చెయ్యి తీసుకొని తన ఒళ్ళో పెట్టుకుంది. మగ్దలీనమ్మ సంచిలోంచి మఫ్లరు తీసి చాప మీద పెట్టింది. అది తల్లి కంట ఎప్పుడు పడిందో తెలియక ఎలిశబెతు సిగ్గుతో మొహం తిప్పుకుంది.

రెబెక్కమ్మ ఆ మఫ్లరు వైపే చూస్తూ కూర్చుంది. వాకిట్లో ఎండ గడప దాటి లోపలికి పాకింది. మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలి లేచింది. లోపలి గదిలో పరంజ్యోతి దగ్గిన దగ్గు కూడా సగంలోనే ఆగింది. మగ్దలీనమ్మకు అలవాటు ప్రకారం అన్ని చెడ్డ జవాబులూ వరసగా తోచాయి. ఇంక లేద్దామని కూతురి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు రెబెక్కమ్మ వంగి ఆ మఫ్లరు అందుకుంది. కుట్టు కుట్టూ వేళ్ళతో చూసింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ ఉక్కలో దీన్ని మెడకు చుట్టుకొని ప్రధానానికి కూర్చోవాలంటే మావాడు చెమటకే పోతాడు," అంది. "అయినా కూర్చోబెడతాలే. నువ్వు మటుకు ఆ గంట తాడు జోలికి పోవద్దు వదినా."