నాయన పంపిన బెల్లం

పొద్దున్నే నందిని హాల్లో అట్టపెట్టెలు పరుచుకుని కూర్చుంది. ఆఫీసుకు పోయేలోగా నాలుగు అతికించి పోదామని భర్త వంశీ చిరునామా కాగితాలు కత్తిరిస్తున్నాడు. వంటింటి గడప దగ్గర అత్త నిర్మలమ్మ కొబ్బరి తురుముతూ, "ఈ పెట్టెలన్నీ దాటుకోని కాఫీ తెచ్చేతలికి చల్లారిపోతా ఉండాది" అని సణుగుతోంది. తిరుచానూరు దారిలోని ఆ ఇంట్లో ఇది రోజూ ఉండే రభసే.

అంతలో ఫోన్ మోగింది. మదనపల్లెలో టీచరుగా పనిచేసే కృపామణి. నందిని ఆన్‌లైన్ అంగడిలో మొదటినుంచీ సరుకు కొంటున్న మనిషి.

"ఏమ్మా నందినీ, మనవడి పుట్టినరోజని పాయసం చేస్తే పాలు విరిగిపోయినాయి. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండాది నీ బెల్లం. మీ నాయన దగ్గరుండి వండినాడని ఫోటో పెట్టినావే, అది నిజమేనా?"

"ఏదో పొరపాటు జరిగి ఉంటుంది మేడమ్..."

"నిన్ను నమ్మి మా స్కూల్లో అందరిచేతా కొనిపించినాను. ఇప్పుడు వాళ్ళ మొహం ఎట్లా చూసేది నేను?"

కృపామణి ఫోన్ పెట్టేసింది. నందిని పక్కనున్న మూటలోంచి చిన్న బెల్లంముక్క విరిచి నోట్లో వేసుకుంది. తీపి వెనకాలే నాలుకకు ఉప్పదనం తగిలింది. రంగు కోసం మందు కలిపిన బెల్లం. బెల్లం వండే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ రుచి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్నాళ్ళుగా బెల్లం తెల్లబడుతోందని ఆమె గమనించింది కూడా. ఫోటోల్లో బాగా కనబడుతోందని సంతోషపడింది. నాయన పంపినదాన్ని రుచి చూసేదేముందిలే అనుకుంది.

"ఊరందరూ దొంగలు, మా నాయన ఒక్కడే సత్యవంతుడంటివే!" అంది నిర్మలమ్మ, తురుముతున్న చెయ్యి ఆపకుండానే.

అంగడి మొదలుపెట్టినప్పుడు నందిని పడ్డ పాట్లు నిర్మలమ్మ కళ్ళారా చూసింది. పుంగనూరు నుంచి చింతపండు పంపినవాడు చూపించింది ఒకటి, మూటల్లో నింపింది ఒకటి. పైన మెత్తటి పండు, అడుగున గింజలూ తడీ. కట్టెగానుగ నూనె అని ఒట్టేసినవాడు పామాయిల్ కలిపి పంపాడు. ఆ తర్వాత నందిని ఏ హోల్‌సేల్ వాళ్ళ సరుకైనా సొంతంగా పోయి, గోడౌనులో నిలబడి, మూట విప్పించి చూడనిదే కొనలేదు. ఆమె పోయి చూడని చోటు ఒక్కటే. పుట్టిల్లు. అంగడిని నిలబెట్టింది ఆ ఇంటి బెల్లమే. చివరికి నిర్మలమ్మే "మా కోడలి బెల్లం" అని ఇరుగుపొరుగుకు చెప్పుకునే రోజు వచ్చింది.

ఆ పూటే నందిని కాణిపాకం బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో పుట్టినూరు చేరి, ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనుకు నడిచింది.

చెరుకు లేదు. ఆ చివర నుంచి ఈ చివరదాకా మోకాలెత్తు మామిడి మొక్కలు. గానుగ పాకలో బెల్లం వండే పెద్ద పెనం గోడకు ఆనించి ఉంది, తుప్పు పట్టి. నందిని ఇంటివైపు తిరిగింది.

నాయన ఏకాంబరం ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూడగానే లేచాడు.

"చెప్పకుండా వస్తివే పాపా! అల్లుడు బాగుండాడా?"

"చెరుకు యాడ నాయనా?"

ఆయన ముఖం వాడిపోయింది. "బోరు ఎండిపొయ్యింది. పోయినేడే."

"మరి నాకు పంపిందేంది?"

"చిత్తూరు మండీలో కొన్నాను."

"మందు బెల్లమని తెలిసే కొన్నావా?"

"మంచిది దొరికినప్పుడు మంచిదే పంపినా. దొరకనప్పుడు..." ఆయన మాట మింగేశాడు. "తెలిసే కొన్నాను పాపా."

"బయటోళ్ళు మోసం చేస్తే వాళ్ళని వదిలేసి ఇంకొకర్ని వెతుక్కున్నా. నిన్ను వదిలేసి యాడికి పోయేది నాయనా? పసిబిడ్డల ఇండ్లకు పంపినాను నేను ఆ బెల్లం!" ఆమె గొంతు వీధిలోకి వినబడింది.

లోపలినుంచి తల్లి సుబ్బులమ్మ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూతురి ఎదురుగా నిలబడింది.

"నీకు చెప్పలేదనుకుంటివా? పోయినేడు ఎండాకాలంలోనే ఫోన్ చేసి, ఈ తూరి చెరుకు లేదమ్మా అన్నాడు. నువ్వేమంటివి? ఆ కథలన్నీ నాకొద్దు నాయనా, బెల్లం రాకుంటే మా అత్త ముందర తలెత్తుకోలేనని పెట్టేస్తివి. ఆ పొద్దు ఈ మనిషి కూడు ముట్టలేదు."

నందినికి ఆ ఫోను గుర్తుంది. పక్కన కొరియర్ అబ్బాయి తొందరపెడుతున్నాడు. సరుకు ఆలస్యమవుతుందని నాయన చెబుతున్నాడేమో అనుకుంది. ఏమైంది నాయనా అని ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత కూడా ఆమె చేసిన ప్రతి ఫోనూ ఎన్ని మూటలు, ఎప్పుడు పంపుతావు అనే.

"దాన్నేమీ అనొద్దు" అన్నాడు ఏకాంబరం భార్యతో. "తప్పు నాది. బిడ్డ అంగడి నిలబడాలనుకున్నా. నా చేత్తోనే దాని పేరు చెడగొడతాననుకోలేదు."

నందిని అరుగుమీద కూలబడింది. కాసేపటికి ఫోన్ తీసి, బెల్లం కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలుపెట్టింది. "అది మా నాయన వండింది కాదండీ. వాడొద్దు, పారేయండి. మీ డబ్బు మీకు పంపిస్తాను." కొందరు సరేనన్నారు. కొందరు తిట్టారు. ఏకాంబరం స్తంభానికి ఆనుకుని ప్రతి మాటా వింటూనే ఉన్నాడు.

"ఫోటో పెట్టి అమ్ముతారా? ఆ ముసలాయనకు సిగ్గుండక్కర్లేదా?" అని ఒకామె గొంతు అరుగంతా వినబడింది.

ఏకాంబరం చెయ్యి చాచాడు. "ఆ ఫోనిట్లియ్యి."

"వద్దు నాయనా."

ఆయన తీసుకున్నాడు. "ఆ ముసిలోణ్ణి నేనేనమ్మా. మా పాపకేమీ తెలీదు. మీరు తిట్టేదుంటే నన్ను తిట్టండి." అవతల ఆమె తిడుతూనే ఉంది. ఆయన "ఊ, ఊ" అంటూ చివరిదాకా విన్నాడు. నందిని మోకాళ్ళలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అత్త ముందు తలెత్తుకోవడం కోసం తను ఎవరి తల దించిందో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం వంశీ ఫోన్ చేశాడు. "ఏమైందని అమ్మ అడుగుతా ఉండాది. ఏం చెప్పేది?"

"జరిగింది జరిగినట్టు చెప్పు."

వెనకనుంచి నిర్మలమ్మ గొంతు వినిపించింది. "ఇంక ఆ అంగడి మూసెయ్యమను!" నందినికి కోపం రాలేదు.

అన్నాలప్పుడు ఏకాంబరం మెల్లగా అన్నాడు. "ఐరాల దిక్కు మందు లేకుండా వండేవాళ్ళు ఇంకా ఉండారు పాపా. కానీ నా మాట నమ్ముతావా ఇంక?"

అబద్ధం చెప్పడం నందినికి చేతకాలేదు.

"నమ్మలేను నాయనా. ఇప్పుడప్పుడే నా వల్ల కాదు." ఆయన తల ఊపాడు. "రేపు ఇద్దరం పోదాం" అంది నందిని. "వండేటప్పుడు పక్కనే నిలబడి చూద్దాం. ఈసారి నేనూ వస్తాను."

మరుసటి పొద్దున బస్సు దాదాపు ఖాళీగానే వచ్చింది. నందిని ఎక్కి ముందువైపు కూర్చుంది. ఏకాంబరం ఆమెను దాటుకుని, తప్పు చేసిన పిల్లాడిలా చిట్టచివరి సీటు వైపు నడిచాడు.

"నాయనా" అని పిలిచింది నందిని, కిటికీ వైపు జరుగుతూ. "ఆడికి యాడికి పోతావు? ఈడ కూర్చో."

ఆయన వెనక్కి వచ్చి, ఆమె పక్కన సీటు అంచున కూర్చున్నాడు. కొంతదూరం పోయాక నందిని నెమ్మదిగా అడిగింది.

"బోరు ఎప్పుడు ఎండిపొయ్యింది నాయనా? మొదట్నుంచీ చెప్పు."