ఎర్రంచు కళ్లద్దాలు

“ఎవురికమ్మా కండ్లు కనపడనిది? నా మనవరాలికా? ఇంగొక్కసారి అను చూద్దాం!”

మారెక్క చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. పొద్దుటి నుంచి కూర్చుని వలిచిన శెనక్కాయ విత్తనాలు ఇల్లంతా దొర్లిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ ఇంద్రాణి టీచరు బిత్తరపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్న తొమ్మిదేళ్ల హేమ మాత్రం తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీకుతూ ఉండిపోయింది. అప్పుడే చీనీ తోటలో బత్తాయిలు కోసే కూలి ముగించుకుని ఇల్లు చేరిన గంగాదేవికి కాళ్లు కడుక్కునే తీరిక కూడా దొరకలేదు. గుమ్మంలో టీచరు, నట్టింట్లో అత్త... ఇక ఈ పూట తనకు అన్నం దిగినట్టే!

“కోప్పడొద్దు పెద్దమ్మా!” అంది టీచరు. “బడి ముందర రోడ్డు దాటుతాంటే పాప ట్రాక్టరుకు ఎదురుపోయినాది. డ్రైవరు బ్రేకు తొక్కినాడు కాబట్టి సరిపోయె. అంత పెద్ద బండి ఎంత దగ్గరికి వచ్చిందో పాపకు తెలియలేదు! బోర్డు మీద రాసింది కూడా చూసి రాయదు, పక్కపిల్ల పుస్తకంలో చూసి ఎక్కించుకుంటాది. గంగాదేవీ, ఆలస్యం చేయొద్దమ్మా. టౌనుకు పోయి కండ్లు చూపించు.”

గంగాదేవి గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. ట్రాక్టరా! తాను చెట్టు కింద సద్ది మూట విప్పుకున్న వేళకు ఇక్కడ బిడ్డ బండి కింద పడబోయిందా! హేమను గుంజి గుండెలకు హత్తుకుంది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా... అదీ లేక, ఊరికే పట్టుకుని నిలబడింది.

మారెక్క మాత్రం తగ్గితేనా! మనవరాలి చెయ్యి లాక్కుని బయట అరుగు మీదికి తీసుకుపోయింది. “రా టీచరమ్మా, నువ్వే చూడు. పాపా, ఆ మలుపులో వచ్చేదెవరు?”

హేమ ఒక్క క్షణం ఆగి, “నాగప్ప తాత” అంది.

నిజంగానే నాగప్ప! టీచరు హేమ వైపు, మలుపు వైపు మార్చి మార్చి చూసింది. అవ్వా మనవరాలూ ఎప్పుడూ అంతే, ఒకరి చెయ్యి ఒకరు వదలరు. మారెక్కకు దగ్గరి చూపు ఆనదు. బియ్యంలో రాళ్లు హేమ ఏరి పెట్టాలి, సూదిలో దారం హేమ ఎక్కించాలి. కానీ దూరాన పోయే గొర్రె ఎవరిదో ఇంట్లో కూర్చునే చెప్పగలదు మారెక్క. ఇద్దరికీ లోకంలో ఇంకెవరూ అక్కర్లేదు. తల్లినైన తాను పొద్దున కూలికి పోయి, దీపాల వేళకు తిరిగొచ్చే మనిషి. మొగుడు తిప్పేష్ బోరు లారీ వెంట ఊళ్లు తిరిగి ఎప్పుడో ఒకసారి ఇంటి ముఖం చూసే మనిషి. బిడ్డ కళ్లలో ఏముందో చూసే తీరిక ఈ ఇంట్లో ఎవరికి ఉందని!

అయినా గంగాదేవి పట్టు విడవలేదు. మరుసటి రోజు కూలి మానేసి, హేమను తీసుకుని బయలుదేరింది. బస్సెక్కబోతే వెనకనే మారెక్క! “నా బిడ్డను ఎవరెవరో తాకుతారు, భయపడతాది. నేనూ వస్తాండా” అని ముందుగా సీటులో కూర్చుంది. దారి పొడవునా బీడు పొలాలు, ఎండిన శెనక్కాయ చేలు.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గరి సందులో ఓబుళేసు కళ్లద్దాల దుకాణం. పెద్ద యంత్రాలేవీ లేవు. గోడకు అక్షరాల అట్ట, పెట్టె నిండా గుండ్రటి గాజుబిళ్లలు, అంతే. హేమను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, కుడికంటికి అట్టముక్క అడ్డం పెట్టుకోమన్నాడు. మారెక్క మనవరాలి పక్కనే నిలబడి, ఆ పిల్ల ఎడమచెయ్యి తన కొంగులో దాచి పట్టుకుంది.

“భయమప్పా బిడ్డకు. చెయ్యి ఇడిస్తే ఏడుస్తాది” అంది.

ఓబుళేసు గోడవైపు తిరిగి, కర్రతో ఒక్కొక్క అక్షరమే చూపించాడు. హేమ ఆగి ఆగి చెప్పసాగింది. “గ... ట... ల...” పై వరుస అయింది. కింది వరుస, దాని కింది వరుస... అన్నీ సరిగ్గానే చెబుతోంది!

“ఏమ్మా, చూపు బాగుండాది కదా పాపకు! కనపడదని ఎవరు చెప్పినారు మీకు?” అన్నాడు ఓబుళేసు నవ్వుతూ.

“అట్ల అడుగు సామీ!” మారెక్క ముఖం వెలిగిపోయింది. “ఆ టీచరమ్మకు పనిలేదు, ఈయమ్మకు బుద్ధిలేదు!”

గంగాదేవి ఎదురుగా బల్లమీద కూలబడి ఉంది. హమ్మయ్య అనుకోవాలో, ఒక రోజు పని వృథాగా పోయిందని ఏడవాలో తెలియని అలసట. సరే, ఇక పోదాం అనుకుంటూ బిడ్డ ముఖంలోకి చూసింది. ఓబుళేసు చివరి వరుసలో ఒక అక్షరం మీద కర్ర పెట్టాడు.

“డ” అంది హేమ.

గంగాదేవి బల్ల మీద నుంచి ముందుకు వంగింది. కుడికంటికి అట్ట అడ్డం ఉంది, సరే. ఎడమకన్ను... మూసుకుని ఉంది! రెండు కళ్లూ మూసుకున్న పిల్ల గోడమీది అక్షరం ఎలా చదివింది?

ఒక్క అంగలో లేచి అత్త కొంగు పక్కకు లాగింది. బిడ్డ అరచేతిలో మారెక్క చూపుడువేలు ఇంకా అక్షరం గీస్తూనే ఉంది!

అయ్యో... అక్షరం ముక్క రాదు ఆ ముసలమ్మకు! కానీ తెల్లవారక ముందే లేచి వాకిట్లో మెలికల ముగ్గులేసే చెయ్యి అది. ఒక్కసారి చూసిన గీతను ఉన్నదున్నట్టు దించగల చెయ్యి. అవ్వకు అక్షరాలు కనబడతాయి, రావు. మనవరాలికి వస్తాయి, కనబడవు. గీత సరిగ్గా అందాలని పాపం ఆ పిల్ల కళ్లు కూడా మూసుకుంది!

“అత్తా!” గంగాదేవి అరిచింది. “ఎంత పని చేసినావు అత్తా! నిన్న ఆ ట్రాక్టరు కింద పడింటే యాడ గీస్తావుంటివి నీ గీతలు? బిడ్డ పీనుగ మీదనా?”

హేమ వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పింది. “అవ్వను తిట్టొద్దమ్మా... నేనే అడిగినా. నాగప్ప తాత వస్తే అవ్వ రెండుసార్లు గిచ్చుతాది. నాయన వస్తే చెయ్యంతా నిమురుతాది. నువ్వు వస్తే బొటనవేలు పట్టుకుంటాది...”

తాను రోజూ సాయంత్రం మలుపు తిరగ్గానే “అమ్మా” అని అరిచే బిడ్డ! ఆ పిలుపు కోసమే కదా కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చేది... ఆ పిల్లకు తాను కనబడనే లేదన్నమాట! గంగాదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మారెక్క నేలమీద చతికిలబడింది.

“మా చెల్లెలు సుంకమ్మ... నువ్వు చూడలేదు గంగా. ఆయమ్మకూ ఈ పాప మాదిరే, దగ్గర కనపడేది, దూరం మబ్బు మబ్బు. చిన్నప్పుడు ఒకరోజు చేనిగట్టు మీద తట్టుకుని పడినాది. ఎవడో నవ్వి ‘గుడ్డి సుంకి’ అన్నాడు. అంతే! ఇంగ ఊరంతా అదే పేరు. పిలిచినా గుడ్డిదే, పనికి పెట్టుకోకున్నా గుడ్డిదే. నా చెయ్యి పట్టుకునే బతికినాది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినంక ఆయమ్మకు చెయ్యి ఇచ్చేటోళ్లు లేకపోయిరి... ఆయమ్మ పోయిన దినం చెప్పేకి వచ్చినోడు కూడా ‘గుడ్డిది పోయినాది’ అనె. సుంకమ్మ అని ఒక్కరన్నా అన్లేదే! నా మనవరాలికి ఆ పేరు పడకూడదని... నేను బతికినన్నాళ్లు నా కండ్లు పెట్టి సాకుదామని...”

గంగాదేవి చెయ్యి చాచలేకపోయింది, తిట్టనూ లేకపోయింది. ఓబుళేసు మారెక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి, మళ్లీ మొదటి నుంచి పరీక్షించాడు. హేమకు పై వరుసలోని పెద్ద అక్షరాలు తప్ప ఏదీ తెలియలేదు. పాప ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, అందులో గాజుబిళ్లలు ఒకదాని తర్వాత ఒకటి మార్చాడు.

“చానా ఉండాదమ్మా నంబరు. ఇన్నాళ్లు ఎట్ల తిరిగినావు పాపా?”

“అవ్వ ఉండాది కదా” అంది హేమ, ఇదేమి ప్రశ్న అన్నట్టు.

పరీక్ష అయిపోయాక బిళ్లలు బిగించిన ఆ బరువైన ఇనుప చట్రంతోనే హేమ, ఓబుళేసు వెంట గుమ్మం దాకా వచ్చింది. సందు చివర దాకా చూసి, పక్కకు తిరిగి అవ్వను చూసి, నవ్వింది. “అవ్వా! ఆ మూల అంగట్లో కట్టిన అరటికాయలు ఒక్కొక్కటీ కనపడతాండాయి!”

మారెక్క ఓబుళేసు వైపు తిరిగింది.

“సామీ... మా సుంకమ్మకు కూడా ఇవి పెట్టింటే... కనపడేదా?”

ఓబుళేసు చేతిలోని గుడ్డతో ఒకే గాజుబిళ్లను తుడుస్తూ ఉండిపోయాడు. “ఏమో అవ్వా... చూడకుండా ఎట్ల చెప్పేది? కనపడేదేమో.”

ఆ ఒక్క మాటకు మారెక్క కుమిలిపోయింది. అమ్మలారా, ఒక జన్మంతా గుడ్డిదని అనిపించుకున్న మనిషికి రెండు గాజుముక్కలు చాలేవేమోనని ముసలితనంలో తెలిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి! గంగాదేవి ఇక ఆగలేకపోయింది. పక్కన కూర్చుని అత్త తలను తన భుజానికి ఆనించుకుంది.

“నీకు తెలియదు కదత్తా. ఎవరికి తెలుసు? నాకు మాత్రం తెలిసిందా... నా బిడ్డకే కనపడదని?”

కాసేపటికి ఓబుళేసు ఫ్రేముల పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. గంగాదేవి గట్టిగా ఉండే నల్లది తీసింది. మళ్లీ అత్త భయం గుర్తొచ్చి అది పెట్టేసి, అంచు కనబడని తెల్లటిది చేతికి తీసుకుంది. “ఇదైతే పెట్టుకున్నట్టే తెలియదు అత్తా. ఎవరూ ఏమీ అనరు.”

మారెక్క కళ్లు తుడుచుకుని పళ్లెం అందుకుంది. దగ్గర ఆనదు కదా, చెయ్యి బారుగా చాచి పట్టుకుని, తల వెనక్కి వంచి చూసింది. అన్నింటిలోకీ కొట్టొచ్చినట్టు కనబడే ఎర్రంచు జత తీసి మనవరాలి ముక్కు మీద తానే పెట్టింది.

“దాచిపెట్టేది ఇంగ చాలు గంగా. మలుపు కాడ ఉన్నా నా బిడ్డను నేను గుర్తుపట్టాల. ఇది పెట్టుకుంటే ఎంత దూరమున్నా కనపడతాది. అనేటోళ్లను అననీ... ఎవుడన్నా గుడ్డిది అంటే ఈ చేత్తోనే పళ్లు రాలగొడతా!”

హేమకు కూడా మొదటి నుంచీ ఆ ఎర్రది మీదే కన్ను. నవ్వు ఆపుకోలేక తల ఊపింది.

అదృష్టం బాగుండి ఆ నంబరు గాజులు దుకాణంలోనే ఉన్నాయి. బిగించి ఇచ్చేసరికి ఎండ వాలింది. బస్టాండులో జనం మధ్య ముగ్గురూ నిలబడ్డారు. దూరంగా ఒక బస్సు మలుపు తిరుగుతుండగానే మారెక్క అలవాటుగా మనవరాలి చెయ్యి అందుకుని, బోర్డు మీది మొదటి అక్షరం అరచేతిలో గీయబోయింది.

“బుక్కరాయసముద్రం. మన బస్సు కాదవ్వా” అంది హేమ. “నాకు కనపడతాండాది లే.”

మారెక్క వేలు గాలిలో ఆగిపోయింది. ఆ చెయ్యి మెల్లగా కొంగులోకి వెళ్లిపోయింది. “మంచిదే నా తల్లీ... మంచిదే” అంది. ఆ గొంతులోని దిగులు గంగాదేవికి తెలిసింది. ఒక బిడ్డకు కళ్లు వచ్చిన రోజే ఒక ముసలి చేతికి పని పోయింది.

తర్వాత మారెక్కే, సిగ్గుపడుతున్నట్టు, తన అరచెయ్యి మనవరాలి ముందు చాచింది.

“పాపా... సుంకమ్మ అని ఎట్ల రాస్తారు? ఒకసారి గీయి.”

హేమ ఎర్రంచు అద్దాలు పైకి తోసుకుని, ఆ కాయలు కాచిన చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఒక్కొక్క అక్షరమే పైకి చెబుతూ నిదానంగా గీసింది. మారెక్క కళ్లు మూసుకుంది. గీయడం అయిపోయినా గుప్పిట మూసి అలాగే ఉంది. ఇంతలో తమ ఊరి మీదుగా పోయే గార్లదిన్నె బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, సీట్లు నిండిపోతున్నాయి. నిలబడి నిలబడి గంగాదేవి కాళ్లు లాగేస్తున్నాయి.

“ఇంగొకసారి గీయి తల్లీ, సరిగా పట్టుబడలేదు” అంది మారెక్క.

గంగాదేవి ఒక అడుగు ముందుకేసి, ఆగి, సంచి కింద పెట్టింది.

“గీయి పాపా. ఇంగో బస్సు వస్తాది లే.”